పరుపు ఇంకా ఆరలేదు

హాస్టల్, రెండో అంతస్తు, తలుపు పక్క మంచం
జూలై 6

పిన్నీ,

నాన్న ఫోన్ చేసినప్పుడల్లా "పిన్నికి ఉత్తరం రాశావా" అని ప్రాణం తీస్తున్నారు. దీనికంతటికీ నువ్వే కారణం. "ఫోన్లో ఆ, ఊ, తిన్నాను తప్ప నీ నోట్లోంచి ఏమీ రాదు, కాగితం ఇస్తే మాత్రం వాగుతావు" అన్నావుగా. సరే, వాగుతున్నాను, చదువుకో.

రెండో సంవత్సరం మొదలైంది. హాస్పిటల్ మేనేజ్‌మెంట్ అంటే డాక్టరా నర్సా అని అత్తయ్య మళ్ళీ అడిగిందట. రెండూ కాదు, వాళ్ళిద్దరికీ మంచాలూ మందులూ దుప్పట్లూ వేళకి అందేలా చూసేవాళ్ళం అని నా తరఫున నువ్వే చెప్పు. నేను చెప్తే "అయితే స్టోర్ కీపరా" అంటుంది.

ఈ ఏడాది మాకు కొత్త సారు వచ్చారు. ఎప్పుడూ జేబులో స్టాప్‌వాచ్ ఉంటుంది, అందుకని గడియారం సార్ అని పేరు పెట్టేశాం. మొదటి రోజే ఒక్కొక్కళ్ళనీ లేపి ఈ చదువులోకి ఎందుకొచ్చారని అడిగారు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ ఆసుపత్రిలో పోయిందనీ, ఆ రోజు నేను దారి తప్పి వేరే గదిలోకి వెళ్ళిపోయాననీ, గోడ మీద ఒక బాణం గుర్తు సరిగ్గా ఉండుంటే అమ్మ దగ్గరికి చేరేదాన్నని. ముందు బెంచీ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. సారు మాత్రం "ఎన్ని నిమిషాలు తిరిగావు?" అన్నారు. తెలీదన్నాను. "తెలుసుకో" అని కూర్చోబెట్టేశారు. ముందు ఒళ్ళు మండింది. తర్వాత ఎందుకో ఆయన నచ్చారు.

ఇప్పుడు అసలు సంగతి. మీ ఆసుపత్రితో కలిపి మా కాలేజీ యాజమాన్యానికి నాలుగు ఆసుపత్రులున్నాయి కదా, వాటి వార్డుల ఆర్నెల్ల లెక్కలు మాకు ప్రాజెక్టుగా ఇచ్చారు. వార్డుల పేర్లు చెరిపేసి ఎ, బి, సి అని పెట్టారు. నా వంతుకి ఎఫ్ వచ్చింది. ఒక మంచం మీంచి పేషెంటు వెళ్ళాక ఇంకొకరిని పడుకోబెట్టడానికి ఎంతసేపు పట్టింది, ఆలస్యమైతే ఎందుకైంది, ఇదీ పని. ఎఫ్ వార్డు వాళ్ళు చాలా చురుకు పిన్నీ, పద్దెనిమిది నిమిషాల్లో మంచం సిద్ధం. కానీ ఉన్నట్టుండి ఒకరోజు అరవై ఐదు నిమిషాలు పడుతుంది. కారణం గడిలో "పరుపు తడి" అని ఉంటుంది. మళ్ళీ వారానికి ఇంకోటి, అదే మాట. పరుపు తుడిస్తే ఆరడానికి గంట పడుతుందా? ఇన్నేళ్ళుగా వార్డులో ఉన్నదానివి, నీకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది.

కూర్చుని రాస్తుంటే కాళ్ళు లాగుతున్నాయి. మెట్లమీద రెండుసార్లు దిగి ఎక్కి వచ్చి ఈ చివరి వాక్యం రాశాను.

నీ కందిరీగ

*

స్టాఫ్ క్వార్టర్స్, నీళ్ళ ట్యాంకు వెనక గది
జూలై 17

కందిరీగా,

నీ ఉత్తరం టీ తాగుతూ చదివాను. నేను ఒక్కదాన్నే నవ్వుతుంటే మా ఆయా "ఏమైందమ్మా హెడ్ నర్సు గారికి" అని కంగారుపడింది. స్టోర్ కీపర్ అన్న మాట మీ అత్తయ్యకి అప్పుడే చేరవేశాను. అలిగింది. రెండు రోజుల్లో తనే మాట్లాడుతుందిలే.

పరుపు సంగతి అడిగావు. కవరు బాగుంటే పది నిమిషాల్లో ఆరుతుంది. కవరు చిరిగి లోపలికి దిగితే గంటలు పట్టొచ్చు. ఫ్యాను తిరగకపోతే ఇంకా ఎక్కువ. పరుపు సంగతి పరుపునే అడగాలి, నన్నడిగితే ఏం చెప్తాను. అయినా ఇంత చదువూ చదువుతూ పరుపుల వెనక పడతావా? మందుల కౌంటర్ దగ్గర క్యూ తీసుకో. అక్కడ ఒకే కిటికీ, ముప్పై మంది జనం, పని కనిపిస్తుంది, పేరూ వస్తుంది. ఆ ఎఫ్ వార్డు ఇంకెవరికైనా ఇమ్మని మీ సారుని అడుగు.

ఇంకో మాట. అమ్మ సంగతి క్లాసులో అందరి ముందూ ఎందుకు చెప్పావే? తప్పని కాదు. చదివినప్పటి నుంచీ మనసు మనసులో లేదు. ఎంతసేపు తిరిగావో తెలుసుకుని ఇప్పుడేం చేస్తావు. ఆ బాణం గుర్తుల గొడవ వదిలెయ్.

నా మోకాలు నాలుగో అంతస్తు అనగానే మొండికేస్తోంది. లిఫ్ట్ ఎప్పుడూ స్ట్రెచర్లతోనే సరిపోతుంది, మనం మెట్లెక్కాల్సిందే. వేళకి తిను. తిన్నాను అని రాయకు, తిను.

పిన్ని

*

హాస్టల్, అదే మంచం
ఆగస్టు 11

పిన్నీ,

మందుల క్యూ నాకొద్దు. ఎఫ్ వార్డు నన్ను వదలడం లేదు. ఎందుకో చెప్తాను, మధ్యలో కోప్పడకు.

ఈ నెల మమ్మల్ని ఇక్కడి ఆసుపత్రిలో ట్రైనింగుకి పంపారు. నన్ను అడ్మిషన్ కౌంటర్ దగ్గర నిలబెట్టారు. పైన మంచం దొరికేదాకా పేషెంట్లు ఆ వసారాలో స్ట్రెచర్ల మీదే ఉంటారు. పైనున్న మీకు వాళ్ళు కనపడరు పిన్నీ. మీకు ఫోన్ మోగుతుంది, "మంచం లేదు" అని పెట్టేస్తారు. ఆ మాట మొహం మీద చెప్పాల్సింది మేము. మొన్న ఒక ముసలి దర్జీ వచ్చాడు, కడుపులో నొప్పితో. గంటా యాభై నిమిషాలు ఉన్నాడు. నేను దాటి వెళ్ళినప్పుడల్లా "నా వంతు వచ్చిందా అమ్మా" అని ఎంత మర్యాదగా అడిగాడో. చివరికి ఆపుకోలేక బట్టలు తడుపుకున్నాడు, అందరి మధ్యలో. ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చి వచ్చాను. ఆ తర్వాత పైకెళ్ళి చూస్తే ఒక మంచం గంట నుంచీ ఖాళీగానే ఉంది, దుప్పటి రాలేదట.

హాస్టల్‌కి వచ్చి ఎఫ్ వార్డు కాగితాలు మళ్ళీ తిరగేశాను. దొరికింది. "పరుపు తడి" అని ఉన్న ప్రతిసారీ ఆ మంచం మీది పేషెంటు చనిపోయారు. ఇంటికి నడిచి వెళ్ళినవాళ్ళ పరుపు ఒక్కసారీ తడవలేదు. అది కూడా ఒకే హెడ్ నర్సు డ్యూటీలో. పేరు లేదు, డ్యూటీ నంబర్ మూడు అని ఉంది. మిగతా ఇద్దరి డ్యూటీల్లో మనిషి పోయినా ఇరవై నిమిషాల్లో మంచం నిండుతుంది. అంటే పరుపు తడవలేదు. డ్యూటీ నంబర్ మూడు అబద్ధం రాస్తోంది. చావు అంటే భయమో, మనిషిని మార్చురీకి పంపే పని తప్పించుకోవడమో, టీ తాగడమో. ఏదైతేనేం, ఆ గంటసేపూ కింద ఇంకో దర్జీ ఎదురుచూస్తూ ఉంటాడు.

రిపోర్టు ఇరవయ్యో తారీకున ఇవ్వాలి. ఇదంతా రాసేస్తాను. నువ్వయితే ఏం చేస్తావు? నీకు తెలిసిన నర్సులెవరైనా ఇలా చేస్తారా?

కందిరీగ

*

నాలుగో అంతస్తు, వార్డు బల్ల మీంచి
ఆగస్టు 17

కందిరీగా,

చిన్న ఉత్తరమే, డ్యూటీలో ఉన్నాను. రిపోర్టు ఒక్క వారం ఆపు. మీ సారుని గడువు అడుగు. ఒంట్లో బాగాలేదని చెప్పు, ఏదో ఒకటి చెప్పు. నీకు ఒకటి రాయాలి. రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

ఆ దర్జీకి ఇప్పుడెలా ఉంది?

పిన్ని

*

హాస్టల్
సెప్టెంబర్ 3

పిన్నీ,

నీ చీటీ ఇరవై మూడున అందింది. అప్పటికే ఇచ్చేశాను. ఇరవయ్యో తారీకంటే ఇరవయ్యే, గడియారం సార్‌తో బేరాలుండవు. దర్జీ బాగానే ఉన్నాడు, ఆపరేషన్ అయి ఇంటికెళ్ళాడు.

రిపోర్టు సారుకి తెగ నచ్చింది. యాజమాన్యం మీటింగులో నా చేతే చదివించారు. అంతా అయ్యాక ఒకాయన "డ్యూటీ నంబర్ మూడు ఎవరో మేం చూసుకుంటాం" అని నా భుజం తట్టాడు. పొంగిపోవాలి కదా. రెండు వారాలుగా ఒకచోట కూర్చోలేకపోతున్నాను. మెస్‌లో పళ్ళెం పట్టుకుని నిలబడే తింటున్నాను, నా పక్క మంచం అమ్మాయి "నీకు కుర్చీలంటే పడదా" అంటోంది.

ఏదో రాయాలన్నావు. రాయడం లేదు. మూడు ఫోన్లు చేశాను, ఎత్తడం లేదు. ఏమైంది పిన్నీ?

కందిరీగ

*

స్టాఫ్ క్వార్టర్స్, నీళ్ళ ట్యాంకు వెనక గది
సెప్టెంబర్ 21

కందిరీగా,

డ్యూటీ నంబర్ మూడు నేనే.

నన్ను వార్డు నుంచి తీసేశారు. పన్నెండు రోజులుగా కింద అడ్మిషన్ కౌంటర్‌లో ఉన్నాను. రిజిస్టరులో తప్పుడు రాతలు రాసినందుకు. ఏడుస్తూ కూర్చోకు, ముందు నేను చెప్పేది చదువు. నువ్వు రాసినదాంట్లో అబద్ధం లేదు. అబద్ధం నాది. ఒకటి కాదు, రెండు. రెండోది నీకు చెప్పింది.

మీ అమ్మ పోయినప్పుడు నేను అదే వార్డులో కొత్త నర్సుని. చేరి ఏడాది కూడా కాలేదు. అక్క ఉదయం పది నలభైకి పోయింది. మీ నాన్న సంతకాలకి కిందికెళ్ళారు. నీకేమీ చెప్పలేదు, అమ్మకి నీళ్ళు పట్టుకురా అని ఆయాని తోడిచ్చి పంపించాం. స్ట్రెచర్ దగ్గర్లోనే ఉంది, అక్కని వెంటనే తీసుకెళ్ళిపోయారు. నాకు ఏం చేయాలో తోచలేదు. నేర్చుకున్న పని ఒక్కటే చేతులకి తెలుసు. దుప్పటి తీశాను, పరుపు తుడిచాను, ఆరబెట్టాను, కొత్త దుప్పటి పరిచి మూలలు మడిచాను. పన్నెండు నిమిషాలు. అప్పటి హెడ్ నర్సు చూసి "ఎంత చురుకైన పిల్లో" అని మెచ్చుకుంది, ఆవిడకి మేం అక్కచెల్లెళ్ళమని తెలీదు. కాలికి కట్టున్న ఒకావిడని తెచ్చి పడుకోబెట్టారు.

అప్పుడు నువ్వొచ్చావు, ఆయాని వెనక వదిలేసి, స్టీలు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఒలకకుండా. మంచం దగ్గర ఆగి ఆవిడ మొహం చూశావు. తర్వాత నన్ను చూశావు. అమ్మ లేదని చెప్పాలి. "ఇది కాదమ్మా, తప్పు గదిలోకి వచ్చావు, అమ్మ గది ఇంకోటి" అన్నాను.

నువ్వు నమ్మావు. గ్లాసుతోనే వెతకడానికి వెళ్ళావు. ఆ అంతస్తులో ఉన్న ప్రతి గదిలోకీ తొంగి చూశావు. నేను నీ వెనకే నడుస్తున్నాను కానీ నిన్ను ఆపలేకపోయాను. మీ సారు అడిగారుగా, పందొమ్మిది నిమిషాలు. నా చేతి గడియారం చూస్తూనే ఉన్నాను. ఆ తర్వాత మీ నాన్న వచ్చి ఎత్తుకున్నారు. అప్పటి నుంచీ నువ్వు ఒకచోట కుదురుగా కూర్చోవడం నేను చూడలేదు.

నువ్వు దారి తప్పలేదే. నువ్వు వచ్చింది అమ్మ గదికే. ఏ బాణం గుర్తూ అక్కర్లేదు.

హెడ్ నర్సునయ్యాక నా డ్యూటీలో ఎవరు పోయినా తెర లాగి, రిజిస్టరులో "పరుపు తడి" అని రాసేదాన్ని. మనిషిని అప్పుడే కదపనిచ్చేదాన్ని కాదు. వాళ్ళవాళ్ళు వచ్చేదాకా, చూసేదాకా, లేచేదాకా. ఆలస్యానికి రాయాల్సిన కారణాల పట్టీలో దీనికి మాట లేదు, అందుకని పరుపు మీదికి తోశాను.

ఇక నా సిగ్గు కూడా రాయాలి. ఇక్కడ కిందికొచ్చిన మూడో రోజు ఒక గర్భిణి స్ట్రెచర్ మీద నలభై నిమిషాలు ఉంది. పైకి ఫోన్ చేస్తే "పరుపు తడి" అన్నారు. ఎవరో నా దగ్గర నేర్చుకున్న అమ్మాయే. ఆ మాట ఈ పక్క నుంచి వినడం అదే మొదటిసారి. నీ దర్జీ గుర్తొచ్చాడు. ఇన్నేళ్ళలో ఎంతమందిని ఇలా పడుకోబెట్టానో నాకు లెక్క లేదు.

కోపం వస్తే రానీ. రాయడం మాత్రం మానకు.

పిన్ని

*

హాస్టల్
అక్టోబర్ 24

పిన్నీ,

కోపం వచ్చింది. నెలరోజులు రాయకపోవడానికి అదే కారణం. పన్నెండేళ్ళు నేను ఆ గది వెతుక్కుంటూ బతికాను. కలలో కూడా తలుపులే. ఈ చదువు కూడా దానికోసమే. నువ్వు పక్కనే ఉండి జడలు వేశావు, జ్వరం వస్తే మందు పట్టావు, ఈ ఒక్కటీ చెప్పలేదు. నీ ఉత్తరం చదివాక హాస్టల్ చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో వాచ్‌మన్‌నడుగు. అయినా నీ మీద కోపం ఎక్కువసేపు నిలవడం లేదు, ఎంత ప్రయత్నించినా ఆ మూలలు మడుస్తున్న చేతులే కనిపిస్తున్నాయి.

నిన్ను కిందికి దించింది నేనే. అది నాకు తెలుసు. దాని గురించి ఏం రాసినా తేలికైపోతుంది.

గడియారం సార్ దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పాను. పందొమ్మిది నిమిషాలని కూడా. ఆయన "రిజిస్టరులో అబద్ధం ఉండకూడదు. మరి నిజం ఎంతసేపుంటుంది, కొలిచావా?" అని స్టాప్‌వాచ్ తీసి నా చేతిలో పెట్టారు.

మూడు వారాలు ఇక్కడి వార్డులో తెర బయట కూర్చున్నాను. ఎవరూ లేవమని చెప్పకపోతే ఒక కుటుంబం తనంతట తను ఎంతసేపటికి లేస్తుంది, అదీ కొలత. తొమ్మిది కుటుంబాలు. ఒకాయన ఆరు నిమిషాల్లో లేచిపోయాడు. ఒక తల్లి నలభై నిమిషాలుంది. మిగతావాళ్ళంతా ఇరవైకీ పాతికకీ మధ్య. గంట ఎవరికీ పట్టలేదు పిన్నీ. పన్నెండు నిమిషాలు కూడా ఎవరికీ సరిపోలేదు, ఆ ఒక్కాయనకి తప్ప. తెర సందులోంచి కనిపించేది, లోపల వాళ్ళు పోయినవాళ్ళ దుప్పటి సర్దుతారు, జుట్టు సరిచేస్తారు, ఒకరు గోళ్ళు చూశారు. నేను కదలకుండా కూర్చున్నాను. నా కాళ్ళు లాగలేదు. అది చివరి రోజున గానీ గమనించలేదు.

మళ్ళీ మీటింగులో నిలబడ్డాను. మొదటి రిపోర్టు సగమే అన్నాను. డ్యూటీ నంబర్ మూడు మా పిన్ని అని కూడా చెప్పాను. భుజం తట్టినాయన మొహం చూడాల్సింది. గంటన్నర వాదించారు. చివరికి ఒక నెల చూద్దామన్నారు, మీ నాలుగో అంతస్తు వార్డులోనే. కారణాల పట్టీలో కొత్త మాట చేర్చారు: "బంధువులు ఉన్నారు." మనిషి పోయినప్పటి నుంచీ పాతిక నిమిషాల గడువు. ఆ మాట చీటీ మీద రాసి కిందున్న కౌంటర్‌కి పంపాలి, ఎదురుచూసే పేషెంటుకి అలాగే చెప్పాలి. వార్డు బల్ల దగ్గర లెక్క చూడడానికి నన్ను పంపుతున్నారు.

నిన్ను పైకి పంపమని అడిగాను. ఒప్పుకోలేదు. ఇంకా అడుగుతాను.

సోమవారం వస్తున్నాను. నీ గదిలో నాకు చోటు చెయ్యి.

కందిరీగ

*

నాలుగో అంతస్తు, వార్డు బల్ల
నవంబర్ 12, ఉదయం 11.20

అడ్మిషన్ కౌంటర్ గారికి,

ఈ చీటీని మందులు దించే చిన్న లిఫ్ట్‌లో పంపుతున్నాను. ఏడో నంబర్ మంచం. బంధువులు ఉన్నారు. పది యాభై ఎనిమిదికి పోయారు, ముసలావిడ. భర్త ఒక్కరే. "ఒక్క నిమిషం" అని కిందికెళ్ళాడు, బండిలో ఆవిడ చెప్పులున్నాయట, తెస్తానన్నాడు. చెప్పులెందుకని ఎవరమూ అడగలేదు. ఇంకా రాలేదు. ఇంకో మూడు నిమిషాలే ఉన్నాయి. స్ట్రెచర్ వాళ్ళు తలుపు దగ్గర నిలబడ్డారు. నీ దగ్గర ఎవరున్నారు, ఎలా ఉన్నారు? ఏం చెయ్యను పిన్నీ?

*

కింద, అడ్మిషన్ కౌంటర్
11.22

వార్డు బల్ల గారికి,

నా దగ్గర ఒక బస్సు డ్రైవరు, కాలు విరిగింది, నొప్పి తగ్గడానికి ఇంజెక్షన్ ఇచ్చారు. అతనికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, పైన ఒకావిడ పోయారు, వాళ్ళాయన రావాలని. "రానివ్వండమ్మా" అన్నాడు. తల కింద నా శాలువా పెట్టాను.

మీ పెద్దాయన ఇప్పుడే నన్ను దాటి వెళ్ళాడు. చెప్పులు రెండు చేతులతో పట్టుకున్నాడు. లిఫ్ట్ కోసం ఆగలేదు, మెట్లెక్కుతున్నాడు. నాలుగు అంతస్తులు, మోకాళ్ళు నాకంటే అన్యాయంగా ఉన్నాయి. మూడు నిమిషాలు చాలవు.

ఆవిణ్ణి అక్కడే ఉంచు.